వైద్యం అయిపోయాక మొదలయ్యే బెంగ

క్యాన్సర్ వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ మనిషికి భయపడడానికి కూడా తీరిక దొరకదు. కీమో తేదీలు, రక్త పరీక్షలు, రేడియేషన్‌కి రోజూ వెళ్ళిరావడం, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) అప్రూవల్ వచ్చిందా లేదా అన్న కంగారు, విశాఖలో ఎక్కడ ఉండాలి, తోడు ఎవరుండాలి, ఊళ్ళో పొలం పని ఎవరు చూడాలి. వీటి మధ్య నెలలు గడిచిపోతాయి. అంతా అయ్యాక డాక్టరు ‘ఇక మూడు నెలలకి రండి’ అంటారు. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. చుట్టాలు పళ్ళు పట్టుకుని వచ్చి చూసి వెళతారు. సరిగ్గా అప్పుడే చాలామందికి నిద్ర పట్టడం మానేస్తుంది.

ఇది ఇంట్లోవాళ్ళకి అంతుపట్టదు. గండం గడిచింది, రిపోర్టు బాగుంది, ఆ మాట డాక్టరే చెప్పారు, ఇంకా దిగులు దేనికని అడుగుతారు. జబ్బు నుంచి బయటపడ్డ మనిషికీ తనమీద తనకే అనుమానం వస్తుంది. అందరూ సంతోషంగా ఉంటే నాకే ఎందుకిలా గుండె దడదడలాడుతోంది, నేనే పిరికిదాన్నా అని. పిరికితనానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం క్యాన్సర్ వైద్యం పూర్తయినవాళ్ళలో అతి మామూలుగా కనిపించే బాధల్లో ఒకటని ప్రపంచమంతటా డాక్టర్లకు తెలుసు. చాలామందిలో అది రోజులు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అది ఉండిపోవడానికి రెండు దారులు ముఖ్యంగా కనిపిస్తాయి. ఏ నొప్పిని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో చెప్పేవాళ్ళు దగ్గర్లో లేకపోవడం ఒకటి. భయం గురించి ఇంట్లో నోరు విప్పే వీలు లేకపోవడం రెండోది. రెండూ సరిచేయగలిగినవే.

వైద్యం ఆగాక భయం పెరగడానికి కారణం ఉంది. ఆసుపత్రికి తిరుగుతున్నప్పుడు వారం వారం ఎవరో ఒకరు చూస్తున్నారు, ఒంట్లోకి మందు ఎక్కుతోంది, జబ్బు మీద పోరాటం జరుగుతోంది. ఆ తర్వాత ఎవరూ చూడరు, ఏ మందూ ఎక్కదు. కానీ ఒళ్ళు మాత్రం పాత ఒళ్ళు కాదు. నీరసం నెలల తరబడి వదలదు. కొన్ని రకాల కీమో తర్వాత అరిచేతుల్లో, అరికాళ్ళలో తిమ్మిర్లు ఉంటాయి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకి ఛాతీ మీద, చంక కింద, చేతి లోపలివైపు పోట్లు, బిగువు నెలలే కాదు, కొందరికి ఏళ్ళ వరకూ వస్తూ పోతూ ఉంటాయి. మెడకు, దవడకు రేడియేషన్ ఇస్తే నోరెండిపోతుంది, దవడ బిగుసుకుంటుంది. వీటిలో చాలా వాటికి వైద్యమే కారణం. ఆ సంగతి ముందే చెప్పకపోతే ప్రతి పోటూ ఒక ప్రశ్న అయి కూర్చుంటుంది. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో ఆ తర్వాత పిల్లి నడిచినా లేచి కూర్చుంటారు కదా, ఒంటి విషయంలోనూ అంతే జరుగుతుంది.

దీనికి దూరం తోడవుతుంది. విజయనగరం పట్నం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది, ఇచ్ఛాపురం నుంచి 200 పైనే. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కేజీహెచ్, ఇంకా కొన్ని ఆసుపత్రులు, అన్నీ విశాఖలోనే. ఇచ్ఛాపురం వైపు కొందరు ఒడిశాలోని బరంపురం వెళతారు. రాత్రి తొమ్మిదింటికి మెడ దగ్గర చిన్న గడ్డలాంటిది తగిలితే అడగడానికి ఊళ్ళో ఉన్నది ఆర్‌ఎంపీ. ఆయన చెయ్యి వేసి చూసి ‘ఎందుకైనా మంచిది, ఓసారి వైజాగ్‌లో చూపించుకోండి’ అంటాడు. ఆ ‘ఎందుకైనా మంచిది’తో ఆ రాత్రి నిద్ర పోయినట్టే. వెళదామంటే ఇద్దరికి ఛార్జీలు, ఇద్దరి కూలి, ఒక రోజంతా. మానేద్దామంటే మనసు ఊరుకోదు. నెలకు రెండుసార్లు ఇలా జరిగితే ఆ మనిషి ఎప్పుడూ ఉలికిపాటుతోనే బతకడం మొదలుపెడుతుంది. ఇందులో సగం ఆమె మనసులోంచి పుట్టింది కాదు. చెప్పాల్సిన సంగతి చెప్పాల్సిన రోజున ఎవరూ చెప్పకపోవడం వల్ల పుట్టింది.

అంగిలి మీద నాలుక

ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కువగా కనిపించే ఒక సంగతి ఈ భయం ఎలా పెరుగుతుందో బాగా చూపిస్తుంది. ఇక్కడి పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు తరాలుగా ఉంది. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదని, ఎక్కువసేపు వస్తుందని, పని చేస్తూ కూడా కాల్చవచ్చని అలవాటైపోయింది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా చోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపించడానికి కారణం అదేనని, 1960ల నుంచి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించిన పరిశోధకులు తేల్చారు.

అలాంటి ఒక మనిషిని ఊహించుకుందాం. అరవై దాటిన ఆవిడ, పలాస వైపు పల్లె, ఒకప్పుడు జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టింది. అంగిలికి ఆపరేషన్ చేసి, రేడియేషన్ ఇచ్చారు. పోయిన భాగానికి దంత వైద్యులు ఒక ప్లేటు అమర్చారు, అది పెట్టుకుంటేనే గంజి ముక్కులోకి రాకుండా ఉంటుంది, మాట తేటగా వస్తుంది. చుట్ట మానేసింది. నోరు ఖాళీగా ఉంది. నాలుకకు ఇప్పుడు ఒకటే పని: ప్లేటు అంచు చుట్టూ తిరగడం. ఎక్కడైనా గరుకు తగిలిందా, ఎక్కడైనా పొక్కిందా అని. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక చిన్న అద్దం, మనవడి సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని దొడ్లోకి వెళ్ళి నోరు తెరిచి చూసుకుంటుంది. రేడియేషన్ తగిలిన పొర పలచగా ఉంటుంది. నాలుకతో పదేపదే రాస్తే, వేలితో నొక్కి చూస్తే ఎర్రబడుతుంది, మండుతుంది. సాయంత్రానికి ఆ ఎరుపే ఆమెకు రుజువు. ‘మల్లీ వచ్చీసినాదేటో’ అని గుండె జారిపోతుంది.

వెతకడం వల్ల పుండు, పుండు వల్ల భయం, భయం వల్ల మళ్ళీ వెతుకులాట. రొమ్ము క్యాన్సర్ అయినవాళ్ళు రోజుకు పదిసార్లు చంకలో తడుముకోవడం, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అయినవాళ్ళు ఎప్పటికప్పుడు బట్ట చూసుకోవడం, అన్నీ ఇలాంటివే. చూసుకున్న మరుక్షణం ‘ఏమీ లేదు’ అని కాస్త నెమ్మది వస్తుంది. ఆ నెమ్మది గంట కూడా నిలవదు. మళ్ళీ చూసుకుంటేనే తప్ప కుదురు ఉండదని మనసు నేర్చేసుకుంటుంది. పక్కవాళ్ళను అడిగి ధైర్యం చెప్పించుకోవడం కూడా ఈ కోవలోదే. ‘చూడు, వాచిందా?’ అని కూతుర్ని అడుగుతారు, లేదని చెబితే ఆ పూటకి గడుస్తుంది, రేపు మళ్ళీ అదే ప్రశ్న.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అసలు చూసుకోరు. ఫైలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టేస్తారు. క్యాన్సర్ మాట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోతారు. చెకప్ తేదీ వస్తే వరి కోతలని, పెళ్ళని, కడుపు బాగోలేదని వాయిదా వేస్తారు. చూసేవాళ్ళకి ‘ఎంత నిబ్బరమో’ అనిపిస్తుంది. నిజానికి ఆ నిబ్బరం వెనక ఉన్నదీ అదే భయం. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే తల, మెడ క్యాన్సర్లు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే తిరగబెడతాయి. చెకప్‌లు ఆ కాలంలో దగ్గర దగ్గరగా పెట్టేది అందుకే.

కాగితం మీద రాయించుకోవాల్సిన సంగతులు

భయానికి మొదటి మందు సమాచారం. అదీ గుప్పెడు విషయాలు, తెలుగులో, కాగితం మీద. వైద్యం ముగిసిన రోజున డిశ్చార్జి కాగితంతో పాటు ఇది కూడా చేతికి రావాలి. ఇవ్వకపోతే అడిగి రాయించుకోవాలి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. ‘నాకు తిరగబెడితే మొదట ఎలా తెలుస్తుంది? వేటిని చూసి వెంటనే రావాలి? వేటికి ఆగి చూడవచ్చు? ఫోన్ ఎవరికి చేయాలి?’ ఈ నాలుగింటికి జవాబు దొరికితే రాత్రి తొమ్మిదింటి ప్రశ్నల్లో చాలావాటికి దొరికినట్టే.

మామూలుగా డాక్టర్లు చెప్పే లెక్క ఇది. కొత్తగా వచ్చిన నొప్పి, గడ్డ, దగ్గు, పుండు లాంటివి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, లేదా రోజురోజుకీ పెరుగుతుంటే చూపించుకోవాలి. వచ్చి పోయే నొప్పి, ఇవాళ ఇక్కడ రేపు అక్కడ ఉండే పోటు, జలుబుతో పాటు వచ్చిన మెడ బిళ్ళ చాలావరకు అంతకంటే ముందే తగ్గిపోతాయి. క్యాలెండర్ మీద తేదీ రాసి పెట్టుకుంటే చాలు, రోజూ తడమక్కర్లేదు. ఆగకూడనివి వేరు: రక్తం పడడం, ఆయాసం, ఫిట్స్, మింగుడు పడకపోవడం, నడుం నొప్పితో పాటు కాళ్ళు చచ్చుబడడం లేదా మూత్రం మీద అదుపు పోవడం, కీమో తీసుకుంటున్న రోజుల్లో, అయిన కొత్తలో జ్వరం. వీటికి మూడు వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగరాదు.

చెకప్‌లు ఎన్నాళ్ళకోసారి అన్నది జబ్బును బట్టి మారుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత రెండేళ్ళు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టరు చూడడం, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అన్నది ఎక్కువమంది పాటించే పద్ధతి. నోరు, గొంతు క్యాన్సర్లకి మొదటి ఏడాది ఇంకా తరచుగా పిలుస్తారు. ఇక్కడ ఒక సంగతి చాలామందికి మింగుడు పడదు. రొమ్ము క్యాన్సర్ అయి, ఏ లక్షణమూ లేని మనిషికి ప్రతిసారీ ఒళ్ళంతా స్కాన్, రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే మార్కర్ పరీక్షలు చేయించమని ఏ మంచి మార్గదర్శకమూ చెప్పదు. ఎక్కువ పరీక్షలు చేయిస్తే ఎక్కువ భద్రత అనుకుంటాం. నిజానికి అలాంటి పరీక్షల వల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అసలు జబ్బు కాని మచ్చలు మాత్రం బోలెడు బయటపడతాయి. మన దగ్గర ఊపిరితిత్తుల్లో పాత టీబీ మచ్చలు స్కాన్‌లో కనిపించడం ఎంత మామూలో రేడియాలజిస్టులకు తెలుసు. ఆ మచ్చ ఏమిటో తేలేదాకా ఇల్లంతా పస్తులే. కాబట్టి డాక్టరు ‘ఈసారి స్కాన్ అక్కర్లేదు’ అంటే నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోకూడదు.

రిపోర్టు ఇంటికి వచ్చాక జరిగేది కూడా చెప్పుకోవాలి. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లవాడు సెల్‌లో ఒక్కో మాట వెతుకుతాడు. నాడ్యూల్ అని ఉందంటే గడ్డ అంటాడు, లీజన్ అంటే పుండు అంటాడు, చుట్టూ కూర్చున్నవాళ్ళ ముఖాలు మాడిపోతాయి. నెట్‌లో వెతికితే ఏ మాటకైనా క్యాన్సర్ అనే వస్తుంది. రిపోర్టు తీసుకున్న రోజే అక్కడే డాక్టరుతో చదివించుకుని, ‘బాగుంది’ అనో ‘ఇది మళ్ళీ చూడాలి’ అనో ఒక్క మాట తెలుగులో పైన రాయించుకోవడం పది నిమిషాల పని. దానికోసం ఇంకో రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చినా కూర్చోవడమే మేలు.

చెకప్‌కి వారం పది రోజుల ముందు నుంచి టెన్షన్ పెరగడం సహజం. చిరాకు, ఆకలి మందగించడం, పాత నొప్పులన్నీ ఒక్కసారి లేవడం, ఇవన్నీ ఆ రోజుల్లో వస్తాయి. ఆ వారం వస్తుందని తెలిసి ఉంటే సగం పోరు తగ్గుతుంది. అడగాల్సినవి ముందే చీటీ మీద రాసుకోవాలి, లేకపోతే డాక్టరు ఎదుట కూర్చోగానే అన్నీ మరిచిపోతారు. తోడుగా వెళ్ళేవాళ్ళు మోసేవాళ్ళు కాదు, వినేవాళ్ళు అయి ఉండాలి. రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఎవరు చెబుతారు అన్నది రక్తం ఇచ్చేటప్పుడే తెలుసుకోవాలి. తేదీ తెలియని ఎదురుచూపు తేదీ తెలిసినదానికంటే చాలా భారం.

ఒంట్లోంచి వచ్చే గాభరా

గుండె దడ, చెమటలు, నిద్రలేమి ఉన్నాయంటే అన్నీ మనసు పనే అనేయకూడదు. ఇది డాక్టర్లు కూడా తొందరలో వదిలేసే చోటు. రక్తం తక్కువైతే మెట్లెక్కగానే గుండె కొట్టుకుంటుంది. మెడకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో థైరాయిడ్ పనితీరు పడిపోవడం మామూలు, అందుకే ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించమంటారు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, ఆపుతున్నా నిద్ర పాడవుతుంది, మనసు కుదురుండదు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడే ఆడవాళ్ళకి అకస్మాత్తుగా ఒళ్ళంతా ఆవిరి కొట్టినట్టయి గుండె దడ వస్తుంది, అర్ధరాత్రి మెలకువ వస్తుంది. ఎడమ వైపు ఛాతీకి రేడియేషన్, లేదా డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందులు తీసుకున్నవాళ్ళకి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే గుండె పరీక్ష చేయించాకే టెన్షన్ అనుకోవాలి. ఒక రక్త పరీక్షతో, ఒక మాత్ర మార్పుతో తగ్గిపోయే గాభరాను నెలల తరబడి ‘నీ మనసే బలహీనం’ అని తిట్టించుకుంటూ మోసేవాళ్ళున్నారు.

ఆ కారణాలు లేవని తేలాక మిగిలే భయానికి పనికొచ్చే పద్ధతులు కష్టమైనవి కావు, కానీ అలవాటు చేసుకోవాలి. మొదటిది చూసుకోవడానికి హద్దు పెట్టుకోవడం. అంగిలి చూసుకోవాలంటే వారానికి ఒక్క రోజు, పగటి వెలుతురులో, వీలైతే ఇంకొకరితో చూపించుకోవడం. మిగతా రోజుల్లో నాలుక అటు వెళ్ళిందని గమనిస్తే తిట్టుకోకుండా ఒక గుక్క నీళ్ళు తాగి చేతిలో పనికి తిరిగి రావడం. మొదటి వారం ఇది నరకంలా ఉంటుంది, కోరిక పెరిగి పెరిగి దానంతట అదే దిగుతుందని ఒళ్ళు తెలుసుకున్నాక సులువవుతుంది. ఆలోచనలకూ ఇలాగే ఒక వేళ కేటాయించవచ్చు. సాయంత్రం ఒక పావుగంట కూర్చుని భయాలన్నీ కాగితం మీద రాసేయడం, చదువు రానివాళ్ళు ఎవరికైనా చెప్పేయడం. వేరే వేళల్లో వచ్చిన ఆలోచనను ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయడం. భయాన్ని రావద్దంటే వినదు, కాసేపు ఆగమంటే చాలాసార్లు వింటుంది.

దడ వచ్చినప్పుడు ఊపిరి సంగతి పనిచేస్తుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలడం, పొట్ట కదిలేలా, అయిదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. నడక గురించి గట్టి ఆధారమే ఉంది. 2019లో క్యాన్సర్, వ్యాయామాల మీద అంతర్జాతీయ నిపుణులు కూర్చుని తేల్చిన లెక్క ప్రకారం వారానికి మూడు సార్లు, సుమారు అరగంట చొప్పున, ఒక మాదిరి వేగంతో, కనీసం 12 వారాలు నడక లాంటి వ్యాయామం చేస్తే ఆందోళన తగ్గుతుంది. పొద్దున్నే చెరువు గట్టు మీదో, శ్రీకాకుళంలో అయితే నాగావళి గట్టు వైపో నడిచివస్తే చాలు. ‘జబ్బు మనిషి, కదలకూడదు’ అని మంచానికి కట్టేసే ప్రేమ ఇక్కడ ఎక్కువ. ఆ ప్రేమ మనిషికి తన భయంతో ఒంటరిగా ఉండడానికి రోజంతా తీరిక ఇస్తుంది.

ఇంట్లో మాటలు

‘ఏటీ అవదులే, ధైర్నంగుండు.’ ఈ మాట ప్రేమతోనే వస్తుంది. దాని తర్వాత సంభాషణ మాత్రం ఉండదు. చెప్పబోయిన మనిషి నోరు మూసుకుంటుంది, చెప్పినందుకు సిగ్గుపడుతుంది. దాని బదులు ‘దేనికి భయమేస్తోంది వదినా?’ అని అడిగి పది నిమిషాలు ఊరుకుని వింటే ఎక్కువ మేలు జరుగుతుంది. చాలామందికి చావు భయం కంటే దగ్గర భయాలే ఎక్కువ: మళ్ళీ అప్పు చేయాలా, చిన్నదాని పెళ్ళి అయ్యేదాకా ఉంటానా, భర్త దగ్గరికి రావడం మానేశాడు ఎందుకు. వాటిలో కొన్నింటికి ఇంట్లోనే జవాబు ఉంటుంది.

పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని జబ్బు సంగతి ఊళ్ళో దాచేవాళ్ళు చాలామంది. దాచిన ఇంట్లో భయం రెట్టింపు అవుతుంది, ఎందుకంటే గోడ అవతలికి వినపడకుండా ఏడవాలి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. గ్లాసు, కంచం వేరు పెట్టాల్సిన పని లేదు. వంశంలో రావడం కూడా కొన్ని క్యాన్సర్లలో, అదీ కొద్ది కుటుంబాల్లోనే. అడ్డపొగ వల్ల వచ్చిన అంగిలి క్యాన్సర్ కూతురికి పుట్టుకతో రాదు, చుట్ట అలవాటైతే రావచ్చు. పథ్యం పేరుతో జరిగేదీ చెప్పాలి. వేడి చేస్తుందని గుడ్డు మానిపించి, పంచదార క్యాన్సర్‌ని పెంచుతుందని ఎవరో వాట్సాప్‌లో పంపితే పాలు, పళ్ళు కూడా మానిపించి చారన్నంతో గడిపిస్తారు. తిండి తగ్గితే నీరసం, నీరసం చూసి మళ్ళీ భయం.

అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కు, విజయనగరం పైడితల్లి అమ్మవారికి ముడుపు, చర్చిలో ప్రార్థన, దర్గాలో దువా ఎన్నో ఇళ్ళలో మనసుకు ఆసరా. నమ్మకం ఉన్నవాళ్ళకి అది నిజమైన బలం. మొక్కు తీరలేదు కాబట్టే జబ్బు తిరగబెడుతుందని ఎవరైనా బెదిరిస్తే మాత్రం ఆ బలం భయంగా మారుతుంది. అలాంటి మాట అనేవాళ్ళని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపాలి.

మగవాళ్ళ సంగతి వేరుగా చూడాలి. ఈ జిల్లాల నుంచి కూలికి హైదరాబాద్, చెన్నై, చేపల వేటకు గుజరాత్ దాకా వెళ్ళేవాళ్ళు ఎందరో. నోటి క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని పని మానేసి ఇంట్లో కూర్చున్న మగవాడు ‘భయంగా ఉంది’ అనడు. కోప్పడతాడు, మాట్లాడడం మానేస్తాడు, సాయంత్రం మందు తాగుతాడు. తాగిన రాత్రి నిద్ర పట్టినా తెల్లవారుజామున దడతో మెలకువ వస్తుంది. నోటి, గొంతు క్యాన్సర్ అయినవాడు తాగితే కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. అతని కోపం వెనక భయం ఉందేమోనని ఇంట్లో ఒక్కరికైనా తట్టాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

భయం రోజులో ఎక్కువ భాగం ఉంటూ, రెండు వారాలు దాటినా తగ్గకుండా, నిద్రనో తిండినో పనినో చెడగొడుతుంటే అది వైద్యం చేయాల్సిన ఆందోళన. జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతారు, మొత్తం 21కి పది గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులు చూడాలని లెక్క. దీన్ని నర్సు కూడా అడగగలదు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం బీపీ, షుగర్ చూడడానికి ఇంటికి వస్తున్నారు. క్యాన్సర్ వైద్యం అయిన ఇంట్లో ‘నిద్ర పడుతోందా, భయమేస్తోందా’ అన్న రెండు ప్రశ్నలు కూడా వాళ్ళ పనిలో చేరిస్తే ఇలా బాధపడేవాళ్ళు ఎంతోమంది వెలుగులోకి వస్తారు.

ఇలాంటి భయానికి మొదటి వైద్యం మాటల ద్వారానే. ఆలోచనను, అలవాటును పట్టుకుని మార్చే కౌన్సెలింగ్ పద్ధతులు జబ్బు తిరగబెడుతుందన్న భయం మీద పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది. 2017లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో అయిదు సిట్టింగులతోనే భయం గుర్తించదగినంత తగ్గింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అంతదూరం కూడా వెళ్ళలేనివాళ్ళకి టెలీ మానస్ ఉంది, 14416కి ఉచితంగా ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన సేవ ఇది. ‘నన్ను మెంటల్ ఆసుపత్రికి పంపుతున్నారా’ అని బాధపడేవాళ్ళకి ఫోన్ సులువైన మొదటి మెట్టు. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే మాత్రం వాయిదా లేకుండా, ఇంట్లో ఒకరికి చెప్పి, అదే రోజు మాట్లాడాలి.

మందులు అవసరమైనవాళ్ళకి అవసరమే. కానీ నిద్ర కోసం, దడ తగ్గడం కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రాజోలామ్ మాత్ర ఆ కోవలోది కాదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కొద్ది రోజులకి పనికొస్తుంది, నెలల తరబడి వాడితే అలవాటు పడి, మానితే దడ ఇంకా ఎక్కువవుతుంది. టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్ళు మానసిక వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కొన్ని మందులు టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. వాటి బదులు వాడదగినవి వేరే ఉన్నాయి.

తోడుండే మనిషి గురించి ఎవరూ అడగరు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న కూతురు, రాత్రుళ్ళు నెబ్యులైజర్ పెట్టిన కోడలు, అప్పు సంతకం చేసిన కొడుకు, వీళ్ళకీ వైద్యం అయ్యాకే భయం మొదలవుతుంది. తల్లి దగ్గితే వీళ్ళు ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటు చూసి తల్లి ఇంకా భయపడుతుంది. చెకప్ రోజున డాక్టరు తోడు వచ్చినవాళ్ళని కూడా ‘మీరెలా ఉన్నారు’ అని అడగడం, 14416కి వాళ్ళూ ఫోన్ చేయవచ్చని చెప్పడం అవసరం.

చెకప్ మానేసేవాళ్ళలో భయంతో మానేసేవాళ్ళెవరో, ఛార్జీలు లేక మానేసేవాళ్ళెవరో విడదీసి చూడాలి. రెండోవాళ్ళకి ధైర్యం చెప్పి లాభం లేదు. రైల్లో క్యాన్సర్ రోగికి వైద్యానికీ, చెకప్‌కీ వెళ్ళేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. దీనికి రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. పలాస నుంచో, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచో, విజయనగరం నుంచో వచ్చేవాళ్ళు ఈసారి చెకప్ నుంచి తిరిగి బయల్దేరే ముందే వచ్చేసారికి ఆ సర్టిఫికెట్ అడిగి ఫైల్లో పెట్టుకోవాలి.